నాలుగు వ్యాపారాలు, ఒకే గల్లా: బెజవాడ నుంచి చూస్తే తెలుగు మీడియా సంస్థ

ఆషాఢం ఇంకా పది రోజులుందనగా విజయవాడ బీసెంట్ రోడ్డులోని బట్టల షాపులకు ప్రకటనల మనుషుల రాకపోకలు మొదలవుతాయి. టీవీ చానల్ తరఫున ఒకరు, ఎఫ్‌ఎం తరఫున ఒకరు, ఓటీటీ యాప్ పేరు చెప్పి మరొకరు. కొన్నిసార్లు ఈ ముగ్గురికీ జీతమిచ్చే గల్లా ఒకటే. షాపు యజమానికి ఆ సంగతి పట్టదు. గుంటూరు, తెనాలి, ఏలూరు, మచిలీపట్నం నుంచి బస్సెక్కి వచ్చే కుటుంబాలు తన షాపు మెట్లెక్కాలన్నదే ఆయన లెక్క. ఆదిలాబాద్‌లో ఎవరో టీవీలో తన పేరు చూసినా ఆయనకు ఒక్క చీర అమ్ముడుపోదు.

టీవీ, ఓటీటీ, రేడియో, నిర్మాణం నాలుగూ ఒకే గొడుగు కింద నడిపే ప్రాంతీయ మీడియా సంస్థ కష్టసుఖాలు చాలావరకు ఈ చిన్న లెక్కలోనే ఉన్నాయి.

ఇలాంటి సంస్థలు తెలుగువాళ్లకు కొత్త కాదు. చెన్నైలో 1993 ఏప్రిల్ 14న మొదలైన సన్ టీవీ చుట్టూ పెరిగిన సంస్థకు తెలుగులో జెమిని చానళ్లున్నాయి, రెడ్ ఎఫ్‌ఎంలో భాగం ఉంది, 2017 నుంచి సన్ నెక్స్ట్ యాప్ ఉంది, సినిమాలు తీయడానికి సన్ పిక్చర్స్ ఉంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్రికెట్ జట్టు కూడా వాళ్లదే. రెండోది కృష్ణా జిల్లా పెదపారుపూడిలో 1936లో పుట్టి, 2024 జూన్ 8న కన్నుమూసిన రామోజీరావు కట్టిన సంస్థ. ఆయన 1974లో విశాఖపట్నంలో ఈనాడు పత్రికతో మొదలుపెట్టి, 1983లో ఉషాకిరణ్ మూవీస్, 1995 ఆగస్టు 27న ఈటీవీ, ఆ తర్వాత ఫిల్మ్ సిటీ నిర్మించారు. ఆ వరసలోనే ఈనాడు ఎఫ్‌ఎం, ఈటీవీ విన్ వచ్చాయి. ఈ రెండింటిలో ఒకటి టీవీతో మొదలై సినిమా దాకా వెళ్లింది, రెండోది పత్రికతో మొదలై సినిమా మీదుగా టీవీకి వచ్చింది. దారులు వేరైనా చేరిన చోటు దాదాపు ఒకటే.

ఎందుకు చేరాయో చూడాలంటే ఒక సీరియల్‌ను పట్టుకుని వెంట నడవాలి. చానల్ ఒక నిర్మాతకు ఎపిసోడ్‌కు ఇంత అని మాట్లాడుకుని సీరియల్ అప్పగిస్తుంది. నిర్మాత తన లాభం చూసుకుని తీసి ఇస్తాడు. హక్కులు మాత్రం సాధారణంగా చానల్ దగ్గరే ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వేస్తే ఆ ఎపిసోడ్ పని అయిపోయినట్టు పైకి కనిపిస్తుంది. కానీ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వస్తుంది. యాప్‌లో అదే రోజు పెడతారు. అందులోని హాస్య సన్నివేశం ముక్కలై యూట్యూబ్‌కు వెళుతుంది. కథ బాగా ఆడితే తమిళంలోనో కన్నడలోనో మళ్లీ తీస్తారు. ఒక్కసారి పెట్టిన ఖర్చు మీద ఇన్ని పంటలు పండాలంటే హక్కు చేతిలో ఉండాలి. ఈ నాలుగు వ్యాపారాల్లో అసలు ఆస్తి హక్కుల పెట్టెలోనే ఉంది. టీవీ, యాప్, రేడియో ఆ సరుకును జనం దగ్గరికి మోసుకెళ్లే బళ్లు. ఇతరుల సినిమాలు అద్దెకు తెచ్చుకుని ఆడించే చానల్ ఎంత రేటింగ్ తెచ్చుకున్నా, ఒప్పందం గడువు ముగిసిన రోజున దాని చేతిలో ఏమీ మిగలదు.

హక్కుల పెట్టెలోకి డబ్బు ఇప్పటికీ ఎక్కువగా తెచ్చేది టీవీయే. ఆ డబ్బు రెండు దారుల్లో వస్తుంది, ఒకటి ప్రకటన, రెండోది చందా. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు మించకూడదని కేబుల్ టెలివిజన్ నిబంధనలు చెబుతాయి. అందులో 10 నిమిషాలు అమ్ముకోవడానికి, 2 నిమిషాలు సొంత కార్యక్రమాల ప్రచారానికి. అంటే అమ్మడానికి ఉన్న సరుకు గంటకు 600 సెకన్లు. దాన్ని పది సెకన్ల ముక్కలుగా కోసి అమ్ముతారు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదిన్నర దాకా ఉండే ప్రైమ్‌టైమ్‌లో ఆ ముక్క ధర ఎంత పలకాలన్నది టీవీ చూసేవాళ్లను లెక్కగట్టే సంస్థ బార్క్ గురువారం గురువారం ఇచ్చే రేటింగులు తేలుస్తాయి. అందుకే చానల్ ఆఫీసుల్లో బుధవారం రాత్రి అంత టెన్షన్.

చందా సంగతి ఇంకా ఇరుకు. 2019 ఫిబ్రవరిలో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చాక ప్రతి పే చానల్ తన ధర బయటపెట్టాల్సి వచ్చింది. ప్యాకేజీలో కలిసి రావాలంటే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదు. మధ్యలో ఆ పరిమితిని 12కు దించారు, 2022 నవంబరులో మళ్లీ 19 చేశారు. నెలకు 19 రూపాయలంటే రోజుకు అరవై పైసల పైచిలుకు. అందులోంచే కేబుల్ ఆపరేటర్ వాటా కూడా పోవాలి.

ఇక్కడే షాపు యజమాని చిక్కు మళ్లీ ఎదురవుతుంది. రాష్ట్రం 2014లో రెండైంది కానీ టీవీ మార్కెట్ రెండు కాలేదు. బార్క్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఇప్పటికీ ఒకే మార్కెట్. ఈటీవీ తన వార్తా చానళ్లను ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటిగా నడుపుతోంది, దూరదర్శన్ కూడా సప్తగిరి, యాదగిరి అని విడివిడిగా నడుపుతోంది. వినోద చానళ్లకు మాత్రం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా వెళ్లే సిగ్నల్ ఒకటే. సబ్బు, టీపొడి, టూత్‌పేస్ట్ అమ్మే పెద్ద కంపెనీలకు ఇది బాగా కుదురుతుంది. గవర్నరుపేటలోని నగల దుకాణానికి, గుంటూరు బ్రాడీపేటలోని కోచింగ్ సెంటర్‌కు, బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రికి కుదరదు. రెండు రాష్ట్రాల జనాన్ని కొని, రెండు జిల్లాల జనాన్ని వాడుకోవడం వాళ్లకు గిట్టుబాటు కాదు. అయినా ఈ ప్రాంతంలో ప్రకటనల మీద ఖర్చు పెట్టేది ఎక్కువగా వీళ్లే. ఆషాఢం తగ్గింపులు, శ్రావణమాసం పెళ్లిళ్లు, దసరాకు ఇంద్రకీలాద్రి రద్దీ, ధనత్రయోదశి బంగారం, మే జూన్ నెలల్లో కాలేజీ అడ్మిషన్లు, వానాకాలానికి ముందు విత్తనాలు, పురుగుమందులు. కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రకటనల క్యాలెండర్ ఇది. ఆ క్యాలెండర్‌కు తగ్గ మాధ్యమాలు సంస్థ చేతిలో రెండే ఉన్నాయి, ఓటీటీ ఒకటి, ఎఫ్‌ఎం ఒకటి.

ఓటీటీకి ఊరు తెలుసు. యాప్ తెరిచిన ఫోన్ గుంటూరులో ఉందో వరంగల్‌లో ఉందో దానికి తెలుస్తుంది కాబట్టి ఒకే ఎపిసోడ్ మధ్యలో ఇద్దరికీ వేర్వేరు ప్రకటనలు చూపగలదు. కాగితం మీద ఇంతకన్నా మంచి మాట లేదు. చిక్కంతా ఖర్చు దగ్గర వస్తుంది. 2020లో కోవిడ్ తొలి రోజుల్లోనే జనం ముందుకొచ్చిన ఆహా తెలుగులోనే బతకగల యాప్ ఒకటి ఉండొచ్చని చూపించింది, 2022లో తమిళానికీ వెళ్లింది. అదే కాలంలో సినిమాల డిజిటల్ హక్కుల ధరలు విపరీతంగా పెరిగాయి. పెద్ద హీరో సినిమా కోసం అంతర్జాతీయ సంస్థలతో పోటీపడి ప్రాంతీయ సంస్థ నెగ్గడం కష్టం, నెగ్గినా ఆ సొమ్ము చందాల్లో తిరిగి రావడం ఇంకా కష్టం. అందుకే టీవీ ఉన్న సంస్థలకు యాప్ నడపడం కొంత తేలిక. ముప్పై ఏళ్ల పాత సీరియళ్లు, కామెడీ షోలు, పాటల పోటీలు పెట్టెలో ఉన్నాయి, వాటికి కొత్తగా కొనాల్సిన పని లేదు. చిన్న బడ్జెట్‌లో, మధ్యతరగతి ఇళ్ల కథలతో సొంత సిరీస్‌లు తీయడం దానికి తోడైతే సరిపోతుంది. ఇందులో అప్పుల మీద నడిచే ఆడంబరం లేదు, చూసేవాళ్లకూ అది దగ్గరి కథ.

సినిమా హక్కుల విషయంలో బెజవాడకు సొంత జ్ఞాపకం ఉంది. 1921లో మారుతీ టాకీస్ వెలసిన ఊరు ఇది. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు వరసగా ఉండేవి. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని తెలుగు సినిమాను ముక్కలుగా కొని అమ్మే పద్ధతిలో కృష్ణాకు ఒక ధర, గుంటూరుకు మరో ధర ఇప్పటికీ పలుకుతాయి. నది అవతలికీ ఇవతలికీ జనం అభిరుచి వేరని ఆ వ్యాపారులకు తెలుసు. టీవీ, ఓటీటీ హక్కులు కొనేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు, రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే ఒప్పందం. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపేసి చర్చించిన వాటిలో థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య ఎన్ని వారాలు ఉండాలన్నది ముఖ్యమైంది. ఎనిమిది వారాలు అనుకున్నారు. ఆ గడువు తగ్గినకొద్దీ గాంధీనగర్ లెక్కలు దెబ్బతింటాయి, పెరిగినకొద్దీ యాప్ లెక్కలు దెబ్బతింటాయి. సినిమా తీసేదీ, టీవీలో వేసేదీ, యాప్‌లో పెట్టేదీ ఒకే సంస్థ అయినప్పుడు ఆ తగాదా ఇంట్లోనే నడుస్తుంది.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. టీవీ సిగ్నల్ ఆకాశం నుంచి వచ్చినా చాలా ఇళ్లలోకి రావాల్సింది కేబుల్ ఆపరేటర్ వైరు మీదే. ఆ వైరు మీద రాజకీయం నడుస్తుంది. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఆగిపోయాయి. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో టీవీ5, ఏబీఎన్ చాలాచోట్ల కనబడలేదు. 2024 జూన్‌లో టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ వంతు వచ్చింది, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా బాధితులు మారారే తప్ప పద్ధతి మారలేదు. చూడాలనుకున్నది చూసే హక్కు ప్రేక్షకుడిది. నెలనెలా డబ్బు కట్టినవాడికి చెప్పకుండా చానల్ తీసేయడం ఎవరు చేసినా తప్పే. వ్యాపారంగా చూసినా, వార్తలూ వినోదమూ కలిసి ఉన్న సంస్థకు ఇది మెడ మీద కత్తి. వార్తా చానల్ మీద కోపం వినోద చానల్ మీద పడదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. యాప్ మీద సంస్థలకు అంత మోజు పెరగడానికి ఈ భయం కూడా ఒక కారణం.

ఇక రేడియో. నాలుగింటిలో అతి చిన్న ఆదాయం దీనిదే, మాట్లాడుకునేదీ దీని గురించే తక్కువ. కానీ విజయవాడ వైపు నుంచి చూస్తే ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊళ్లోనే వినబడి, ఈ ఊరి డబ్బుతోనే నడిచే భాగం ఇదొక్కటే. సీరియల్ హైదరాబాద్‌లో తీస్తారు, యాప్ అక్కడే నడుస్తుంది. పొద్దున్నే ఏడింటికి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద రద్దీ గురించి, వారధి దగ్గర మంచు గురించి మాట్లాడే ఆర్జే మాత్రం ఇక్కడే ఉంటుంది. ఎఫ్‌ఎం తరంగం చూపు మేర వెళుతుంది కాబట్టి విజయవాడ టవర్ మీది స్టేషన్ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న గుంటూరుకూ, మధ్యలో మంగళగిరికీ, అమరావతి గ్రామాలకూ వినబడుతుంది. బీసెంట్ రోడ్డు షాపుకు కావలసిన జనం సరిగ్గా ఆ వలయంలోనే ఉన్నారు.

అయితే రేడియోకు చేతులు కట్టేసి ఉన్నాయి. వేలంలో చెల్లించిన సొమ్ము కాక ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం లైసెన్సు ఫీజు కట్టాలి. పాట వేస్తే మ్యూజిక్ కంపెనీకి డబ్బు ఇవ్వాలి. 2010లో కాపీరైట్ బోర్డు దాన్ని నికర ప్రకటన ఆదాయంలో 2 శాతంగా నిర్ణయించింది, పదేళ్లు అలా నడిచాక 2020 చివర్లో పాట వినిపించిన గంటలను బట్టి కట్టే పద్ధతికి మార్చారు. వినేవాళ్లను వారంవారం కొలిచే లెక్క దేశంలో నాలుగు మహానగరాలకే పరిమితం, విజయవాడ అందులో లేదు. అందువల్ల ఇక్కడి సేల్స్ మనిషి చేతిలో రేటింగ్ కాగితం ఉండదు. ప్రకటన వచ్చిన వారంలో షాపుకు ఎంతమంది వచ్చారు, ఎందరు ఆ ప్రకటన పాట హమ్ చేశారు అన్నదే రుజువు. ఇది బలహీనతగానే చెబుతారు కానీ, రేటింగ్ లేని చోట ఊరిని దగ్గరగా చూసే అలవాటు మిగిలింది.

అన్నింటికన్నా పెద్ద సంకెళ్లు వార్తలవి. ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చు అంతే. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, కరెంటు నీటి సమాచారం, ప్రకృతి వైపరీత్యాల హెచ్చరికలు మాత్రం వార్తల కింద లెక్కలోకి రావు, చెప్పుకోవచ్చు. గంటకు 10 నిమిషాలు వార్తలు చెప్పుకోనివ్వాలని 2023 సెప్టెంబరులో ట్రాయ్ సిఫార్సు చేసింది.

రేడియో అవసరం ఎంతో 2024 సెప్టెంబరు 1న విజయవాడకు తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీళ్లలో మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, అంతకు ముందెన్నడూ నమోదు కానంత. నీళ్లు మొదటి అంతస్తుకు వచ్చిన ఇళ్లల్లో కరెంటు లేదు, అంటే టీవీ లేదు, సెట్‌టాప్ బాక్స్ లేదు. సెల్‌ఫోన్ చార్జింగ్ అయిపోయాక యాప్ లేదు. పడవ ఏ వీధికి వస్తోంది, మంచినీళ్లు ఎక్కడ పంచుతున్నారు, మళ్లీ నీరు పెరుగుతుందా అన్నవి ఆ రోజుల్లో డాబాల మీద నిలబడ్డ వేలాది కుటుంబాల ప్రశ్నలు. రెండు బ్యాటరీలతో నడిచే రేడియోకే ఆ జవాబులు అందించే శక్తి ఉంది. కానీ ఇళ్లల్లో రేడియో సెట్ ఎక్కడుంది? 2023 ఏప్రిల్‌లో ఫోన్లలో ఎఫ్‌ఎం సౌకర్యాన్ని తీసేయొద్దని తయారీదారులకు కేంద్రం సూచించింది. సూచనగానే ఉన్న ఆ మాటను నియమం చేసి ఉంటే ఎంత మేలు జరిగేదో సింగ్‌నగర్ చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

రేడియో అంటే పాటల మధ్య కబుర్లే అనుకునే తరానికి ఇదే ఊరి పాత సంగతి ఒకటి గుర్తుచేయాలి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అంతకు ముందు కోస్తా జిల్లాలకు మద్రాసు కేంద్రం నుంచి వచ్చే తెలుగు కార్యక్రమాలే దిక్కు. బందరు రోడ్డు పున్నమ్మతోటలోని ఆ కేంద్రం ప్రసార కేంద్రమూ, నిర్మాణ సంస్థా రెండూ అయింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ పనిచేశారు, పొద్దున్నే వచ్చే భక్తిరంజనితో ఆయన గొంతు ఇంటింటికీ అలవాటైంది. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాగ్గేయకారుడు ఆకాశవాణి అధికారిగా ఈ కేంద్రాన్ని నడిపారు. ఆదివారం మధ్యాహ్నం పురాణ ప్రవచనకర్త ఉషశ్రీ ధర్మసందేహాలు చెబుతుంటే వీధిలో ఒక ఇంటి రేడియో ఆగిన చోట పక్కింటి రేడియో అందుకునేది. నాటకాలు, సంగీత రూపకాలు, రైతుల కార్యక్రమాలు ఇక్కడి కళాకారులతో ఇక్కడే తయారయ్యేవి. ఆకాశవాణికి వ్యాపార ఒత్తిడి లేదన్నది నిజమే. అయినా వినేవాళ్లు పక్క వీధిలో ఉన్నప్పుడు తయారీ కూడా పక్క వీధిలోనే జరిగితే ఏం పండుతుందో ఆ కేంద్రం చేసి చూపించింది.

ఇప్పటి సంస్థల్లో తెగిపోయింది ఈ ముడే. తెలుగులో పెద్ద వినోద చానళ్లు నాలుగు. జెమిని యాజమాన్యం చెన్నైలో ఉంది. 2005లో వచ్చిన జీ తెలుగు ముంబై సంస్థది. తెలుగువాళ్లే పెట్టిన మా టీవీని 2015లో స్టార్ కొనేసింది, 2024 నవంబరులో జరిగిన విలీనంతో అది జియోస్టార్‌లో భాగమైంది. మిగిలింది ఈటీవీ ఒకటే, దానిలోనూ 2014లో టీవీ18 చేతికి వెళ్లిన 24.5 శాతం వాటా ఉంది, 2024లో టీవీ18 విలీనమయ్యాక అది రిలయన్స్ గ్రూపులోని నెట్‌వర్క్18కు చేరింది. యాజమాన్యం ఎక్కడున్నా తప్పేం లేదు, జీతాలిచ్చి తెలుగు కార్యక్రమాలు తీస్తున్నంతకాలం. బాధ కలిగించేది వేరే ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ప్రేక్షకులు వెళతారు, ప్రకటనల డబ్బు వెళుతుంది, నటులూ రచయితలూ గాయకులూ వెళతారు. తిరిగి వచ్చేది ఒక బ్యూరో ఆఫీసు, ఒక ఎఫ్‌ఎం స్టూడియో. గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి నుంచి మే దాకా నడిచే హడావిడి, తెనాలి రంగస్థలం, ఆటోనగర్ మెకానిక్కుల బతుకు, ఇన్ని కథలుండగా సీరియళ్లలో కథ ఏ ఊళ్లో జరుగుతోందో తెలియని పాలరాతి మెట్ల బంగళాలే కనిపిస్తాయి. ఊరు పేరు లేని కథను ఏ భాషలోకైనా మార్చుకోవచ్చన్నది వ్యాపార లెక్క. కానీ ఓటీటీలో జనం తెగ చూసిన తెలుగు సిరీస్‌లు చాలావరకు ఊరు, వీధి, యాస స్పష్టంగా ఉన్నవే.

కాబట్టి ఒక సంస్థ నిజంగా లెక్క వేసుకుంటే, రేడియో స్టూడియోను నష్టాల పద్దులో రాయడం మానేసి దాన్ని తన నిర్మాణ విభాగానికి తొలి మెట్టుగా చూడటం లాభసాటి. ఆర్జే దగ్గర రోజూ ఫోన్ చేసే వందల గొంతులున్నాయి, వాళ్ల కథలున్నాయి. అక్కడ పదిహేను నిమిషాల శ్రవ్య నాటికగా పరీక్షించిన కథకు అయ్యే ఖర్చు ఒక సీరియల్ ఎపిసోడ్ ఖర్చులో చిన్న ముక్క. జనం పట్టుకుంటే అదే కథ యాప్‌లో సిరీస్ అవుతుంది, ఆ తర్వాత టీవీకి వెళుతుంది. బీసెంట్ రోడ్డు షాపు యజమానికి కూడా ఎఫ్‌ఎం స్పాట్, యాప్‌లో గుంటూరు విజయవాడ ఫోన్లకే కనిపించే ప్రకటన కలిపి ఒకే ప్యాకేజీగా ఇవ్వొచ్చు. ముగ్గురు సేల్స్ మనుషులు వేర్వేరుగా వచ్చి ఒకరి రేటును ఒకరు కోసుకునే పద్ధతి కన్నా ఇది అందరికీ నయం.

దీనికి సమయం మాత్రం అపారంగా లేదు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి అనుమతి ఇచ్చింది. అంటే చిన్న పట్టణాలకూ సొంత స్టేషన్లు రావచ్చు, ఇప్పుడు విజయవాడ స్టేషన్ల వలయంలో ఉన్న శ్రోతలు అటు మళ్లవచ్చు. మరోవైపు, ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సుల విధానంలో రెండో దశ నుంచి మూడో దశకు మారిన పాత స్టేషన్లకు 2015 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ల అనుమతి ఇచ్చారు. అది 2030 మార్చి 31తో ముగుస్తుంది. ఆ తేదీ లోపల ప్రతి సంస్థా తన హైదరాబాద్, చెన్నై, ముంబై ఆఫీసుల్లో కూర్చుని, విజయవాడ స్టూడియోలో దీపాలు ఉంచాలా ఆర్పాలా అని తేల్చుకోవాలి.